ఇంట్లో మొదలైన మిషనరీ సేవ

మంగళవారం, నెల్లూరు

యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే బయటివారు మోర్మన్లని పిలిచే మా సంఘంలో, మిషనరీగా పిలుపు అందుకున్న యువకుడు 24 నెలలు ఇంటికి దూరంగా ఉంటాడు. నా సేవాకాలం కూడా మొదలయింది. అయితే శిక్షణలో తొలి భాగం కంప్యూటరు ద్వారా ఇంటినుంచే జరుగుతుంది కాబట్టి, ప్రార్థనతో సేవకు నియమించబడిన, అంటే ప్రత్యేకపరచబడిన, మిషనరీనై ఉండి కూడా నేనింకా స్టోన్‌హౌస్‌పేటలోని మా ఇంటి నడిమి గదిలోనే ఉన్నాను. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు పలక, ఎదురుగా తెర మీద రాజమండ్రి నుంచి నా సహవాసి, అంటే నాకు జంటగా ఉన్న మిషనరీ, గోడకు అవతల అమ్మ తిరగమోత పెట్టే చప్పుడు: ఇవన్నీ ఒకే చోట ఉండడానికి మనసు నెమ్మదిగా అలవాటు పడుతోంది.

ఉదయం ఆరున్నరకు లేవడం, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పడం, సినిమాలూ పాటలూ మానేయడం నాకు కష్టమనిపించలేదు. మా సంఘం వద్దనే కాఫీ, టీ మానేసి చాలా కాలమే అయింది. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచే వాటిని ముట్టడం లేదు కనుక, అమ్మ పొద్దున్నే నాకు రాగిజావ కాచి ఇస్తుంది. కష్టమైనది వేరే ఉంది. పరాయి ఊళ్లో మిషనరీని చూసేవారికి అతడు మొదటి రోజు నుంచీ మిషనరీయే. ఇక్కడ నన్ను చూసేవారంతా నన్ను ఎత్తుకుని పెంచినవారు. ఎదురింటి అత్త ఈ ఉదయం వాకిట్లో నిలబడి, అబ్బాయికి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం వచ్చిందా అని అడిగింది. అమ్మ ఉన్నదున్నట్టు, మా వాడు రెండేళ్లు జీతం లేకుండా దేవుని పని చేయబోతున్నాడు వదినా, అని జవాబు చెప్పింది. అమ్మ మా సంఘంలో చేరలేదు. నాయన కూడా చేరలేదు. వచ్చిన ఉద్యోగం వదులుకున్నానన్న బాధ ఆయనకింకా తగ్గలేదు. అయినా అమ్మ నోట ఆ మాట లోపలి గదికి వినిపించినప్పుడు, ఉదయం నుంచి విన్న పాఠాలన్నింటికంటే ఎక్కువ బలం నాకు దానివల్లే కలిగింది.

ఈ రోజు పాఠం ప్రశ్నలు అడగడం గురించి, అడిగాక మౌనంగా వినడం గురించి. బోధించే ముందు ఎదుటివారి మనసులో ఏముందో తెలుసుకోవాలని, వారి జవాబు సగంలో ఉండగానే మన తర్వాతి మాటను సిద్ధం చేసుకోవడం వినడం కాదని మా బోధకుడు చెప్పారు. ఒకప్పుడు ఆయనా మిషనరీయే. సాయంత్రం ఇంట్లో ఎవరికైనా, వారు ఇష్టపడితేనే, మొదటి పాఠం చెప్పి చూడమన్నారు. నేను అవ్వను అడిగాను.

అవ్వ పుట్టు బాప్టిస్టు. ఆమె పుట్టింటివారిది ఒంగోలు ప్రాంతం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున బాప్తిస్మం పొందిన 2,222 మందిలో తన ముత్తాత ఒకడని వాళ్లింట్లో చెప్పుకుంటారు. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరికి వచ్చి మిషన్ నెలకొల్పిన సంగతీ, 1854 జనవరి 1న తెల్లవారుతుండగా ఆ మిషన్‌కే చెందిన జూయెట్ దొరగారూ మరికొందరూ ఒంగోలు కొండ మీద మోకరించి ప్రార్థించిన సంగతీ నేను చదివి తెలుసుకున్నవి కావు; చిన్నప్పుడు అవ్వ ఒళ్లో పడుకుని విన్నవి. మిషనరీ అనే మనిషి ఎలా ఉండాలన్న ఊహ నాకు మొదట ఏర్పడింది ఆమె మాటల నుంచే. అందుకే ఆమె ఎదుట పాఠం పుస్తకం తెరిచినప్పుడు నా గొంతు తడబడింది.

1820 వసంతకాలంలో, న్యూయార్కు రాష్ట్రంలోని పాల్మైరా దగ్గర, ఏ సంఘంలో చేరాలో తేలక మథనపడిన పద్నాలుగేళ్ల జోసెఫ్ స్మిత్, తర్వాత మా సంఘాన్ని స్థాపించినవాడు, జ్ఞానం కొదువైనవాడు దేవుణ్ణి అడగాలనే యాకోబు పత్రిక మొదటి అధ్యాయం అయిదో వచనం చదివి, అడవిలోకి వెళ్లి ప్రార్థించాడని చెప్పాను. నేను వచనం చదవబోతుండగానే అవ్వ కళ్లు మూసుకుని దాన్ని కంఠతా చెప్పేసింది. తర్వాత, నేర్చుకున్నట్టే, ఆ వచనం నీకెప్పుడైనా అక్కరకొచ్చిందా అవ్వా, అని అడిగాను. తాత పోయిన ఏడాది పొలం అమ్మాలా వద్దా అని రాత్రుళ్లు అడుగుతూ ఉండేదాన్ని, అన్నది. ఆ పొలం సంగతి నాకు తెలుసు. దాని వెనుక ఆ రాత్రులున్నాయని మాత్రం ఇంతకాలం తెలియదు. మా బోధకుడు చెప్పిన వినడం అప్పుడు నాకు కొంచెం బోధపడింది.

తర్వాత ఆమె నన్ను అడగడం మొదలుపెట్టింది. "అబ్బయా, కరువు కాలంలో క్లౌ దొరగారు కాలవ తవ్వించి జనానికి కూడు పెట్టినాడు. మీరు ఏం పెడతారు?" 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పనిని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. ఆ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది మరొక విషయం. కరువు నడుస్తున్నంత కాలం, జనం తామై వచ్చి అడిగినా, ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న అనుమానం వారి విశ్వాసం మీద పడకూడదని ఆగాడు. గుండ్లకమ్మలో ఆ 2,222 మంది దిగింది ఆ నిరీక్షణ తర్వాతే. లెక్క పెంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగగలగడం మిషనరీకి అన్నింటికంటే కష్టమైన పనని నేను నమ్ముతున్నాను. మేమూ ఆశ చూపి ఎవరినీ పిలవమని, తనంతట తాను ప్రార్థించి తెలుసుకోమని మాత్రమే చెబుతామని అవ్వకు జవాబిచ్చాను. ఆమె తల ఊపింది, కానీ ఒప్పుకున్నట్టు కాదు.

మేము బైబిలుతో పాటు లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథాన్ని ఆమె చేతికిచ్చి, దీని తెలుగు అనువాదానికి మొదట పూనుకున్నది ఒక బాప్టిస్టు పాదిరిగారేనని చెప్పాను. 1978 డిసెంబరులో ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదుకు మిషనరీలుగా వచ్చి, తమ బంధువుల్లో 22 మందిని సంఘంలోకి తెచ్చారు. ఆ దంపతుల్లో భార్య ఎల్సీ గారి తండ్రి పి. శ్రీనివాసం గారు బాప్టిస్టు పాదిరి. ఈ గ్రంథాన్ని తెనిగించే పని ఆయన చేతికే వచ్చింది. ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. ఇది విని అవ్వ కళ్లద్దాలు తెప్పించుకుని మొదటి పేజీ నిదానంగా చదివింది. గ్రాంథిక భాష కనుక ఆమెకు సులువుగానే సాగింది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఫోను సంగతి మళ్లీ ఎత్తింది. 2019కి ముందు మిషనరీలు ఏడాదికి రెండుసార్లే ఇంటితో ఫోనులో మాట్లాడేవారని, ఇప్పుడు సిద్ధపాటు దినాన, అంటే సొంత పనులకు వదిలే రోజున, వారానికొకసారి మాట్లాడవచ్చని చెప్పాను. నాయన పళ్లెంలోంచి తల ఎత్తకుండానే, ఆ రోజు ఏ వారమో ముందే చెప్పు, నేను ఆ పూట ఎక్కడికీ పోను, అన్నారు. నా సేవ గురించి ఆయన కోపం లేకుండా మాట్లాడడం ఇదే మొదటిసారి.

పడుకోబోయే ముందు అవ్వ పిలిచి, పగలంతా మనసులో దాచుకున్న ప్రశ్న అడిగింది. "మా ముత్తాత గుండ్లకమ్మలో మునిగిన దాంట్లో ఏం తక్కువైందని నీకు మళ్లీ బాప్తిస్మం ఇచ్చినారు?" భూమి మీద లేకుండా పోయిన బాప్తిస్మం ఇచ్చే అధికారం 1829 మే 15న జోసెఫ్ స్మిత్‌కూ ఆయన సహచరుడు ఆలివర్ కౌడరీకీ బాప్తిస్మమిచ్చు యోహాను ద్వారా తిరిగి వచ్చిందని మేము నమ్ముతాము. ఆ జవాబు నాకు తెలుసు, దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను కూడా. కానీ కరువు దాటి, ఊరివాళ్ల వెలికి భయపడకుండా నీళ్లలో దిగిన ఆ ముత్తాత విశ్వాసాన్ని ఇసుమంతైనా తక్కువ చేయని మాటల్లో అది ఆమెకు చెప్పాలి. రేపటి వరకు గడువు అడిగాను. ఆమె ఒప్పుకున్నది, రేపు ప్రార్థన మాత్రం తానే చేస్తానన్నది. ఉదయం పాఠం మొదలవగానే ముందుగా నా సహవాసితో ఈ ప్రశ్న గురించే మాట్లాడాలి.