ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదని చెప్పాను

ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేస్తాను. రాత్రంతా ఇంగ్లిషే, హ్యాండోవర్ ఇంగ్లిషే, మందుల చార్టు ఇంగ్లిషే. అందుకే నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తోందని, మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే ఒక చోటికి ఫోన్ చేసినప్పుడు, ఇంటర్‌ప్రెటర్ (మన తెలుగుని వాళ్ళకి ఇంగ్లిష్‌లో, వాళ్ళ మాట మనకి తెలుగులో చెప్పే మనిషి) కావాలా అంటే అక్కర్లేదని చెప్పేశాను. కావాలి అని అంటే నాకు ఇంగ్లిష్ రాదనుకుంటారేమో, ఆ మాట ఉద్యోగం దాకా పోతుందేమో అని భయం కూడా.

9 ప్రశ్నలు అడిగారు, డిప్రెషన్ ఎంతుందో చూసే ప్రశ్నలు, పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని, గత 2 వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. "ఫీలింగ్ డౌన్" అంటే ఏం చెప్పాలో తెలీలేదు. నాకున్నది బెంగ, దిగులు, గుండెల మీద బండ పెట్టినట్టుండటం, ఒళ్ళంతా నొప్పులు. పైగా పక్క గదిలో మావారు, అత్తయ్యగారు, తలుపు సరిగ్గా పడదు, దాంతో చాలావాటికి "నాట్ ఎట్ ఆల్", అంటే అస్సలు లేదు, అనేశాను. స్కోరు తక్కువొచ్చింది, ఏదో లింక్ పంపి ఫైల్ మూసేశారు. నువ్వే చెప్పలేదు కదా అంటారు మావాళ్ళు, నేనొప్పుకోను, ఇప్పుడు ఒక్కదానివే ఉన్నావా, మాట్లాడటానికి వీలుందా అని ఒక్క ముక్క అడగాల్సింది.

మూడు నెలలకి నాతో పనిచేసే ఒకావిడ చెప్పింది, ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి, అంటే దిగులు, ఆందోళనలకి మాటలతో చేసే సర్కారు వైద్యానికి, జీపీ (మన ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్ళకుండా మనమే నేరుగా అప్లై చేసుకోవచ్చు, ఇంటర్‌ప్రెటర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఆడమనిషే కావాలని అడగొచ్చు అని. ఇంటర్‌ప్రెటర్ మనవాళ్ళే అయితే ఊరంతా తెలుస్తుందని నా భయం. కానీ ఫోన్లో మాట్లాడే ఇంటర్‌ప్రెటర్ చాలావరకు ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటుంది, విన్నది బయట చెప్పకూడదు. మొగుడితోనో పిల్లలతోనో అనువాదం చేయించుకోవడం కంటే అదే నయం, మొగుడి గురించే చెప్పాల్సొస్తే ఆయన చేతే ఎలా చెప్పిస్తాం?

నేనే అప్లై చేసి, ఇంటర్‌ప్రెటర్ కావాలన్నాను. ఈసారీ అవే 9 ప్రశ్నలు. చివరిది ఇంటర్‌ప్రెటర్ తెలుగులో అడిగింది, "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అమ్మా" అని. మొదటిసారి దీనికి కూడా నాట్ ఎట్ ఆల్ అనేశాను. ఈసారి నోట మాట రాలేదు, ఏడుస్తూ ఉండిపోయాను, థెరపిస్టు, ఇంటర్‌ప్రెటర్ ఇద్దరూ లైన్లో అలాగే ఆగారు, ఆ కాల్ గంట దాటింది. ఇంటర్‌ప్రెటర్ ఉంటే ప్రతి మాటా రెండుసార్లు నడుస్తుంది కాబట్టి టైమ్ ఎక్కువివ్వాలి, అది మర్యాద కోసం కాదు, అవసరం.

ఇలాంటి ఆలోచన ఇప్పుడే వస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఇంగ్లండ్‌లో 111కి చేసి మానసిక సాయానికి 2 నొక్కండి, ఇలాంటప్పుడు మాట వినే సమారిటన్స్ హెల్ప్‌లైన్ నంబర్ 116 123, రాత్రైనా ఎత్తుతారు. ప్రాణమ్మీదికొస్తే 999.

ఇప్పుడు నా సెషన్లు షిఫ్ట్ దిగాక కారులోనే కూర్చుని మాట్లాడతాను, ఇంటికెళ్ళాక కాదు. ప్రతిసారీ అదే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగాను, కొత్త మనిషైతే మళ్ళీ మొదట్నించీ చెప్పుకోవాలి కదా. ఇంకా జవాబు రాలేదు, వచ్చే వారం మళ్ళీ అడుగుతాను.