హనుమకొండ నుంచి నాగ్‌పూర్‌కు: బోర్డు మారినప్పుడు మా అమ్మాయికి అడ్డొచ్చినవి

"దేశమంతటికీ ఒకే సిలబస్ ఉంటే మీకు ఈ తిప్పలు ఉండేవి కావు" అని 2023 వేసవిలో మా బ్యాంకులో నాతో అనని వాళ్లు లేరు. నాకు హనుమకొండ నుంచి నాగ్‌పూర్‌కు బదిలీ అయింది. మా అమ్మాయి తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. అక్కడ సీబీఎస్‌ఈలో తొమ్మిదిలో చేరాలి. తర్వాతి రెండేళ్లూ దగ్గరుండి చూశాను. ఏది ఎక్కడ అడ్డొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బదిలీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. ఒకే సిలబస్ కావాలని గట్టిగా అడిగేవాళ్లు కూడా చదవాలని నా కోరిక.

తొమ్మిదిలోనే మార్చడానికి కారణం ఉంది. సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతులను కలిపి రెండేళ్ల కోర్సుగా చూస్తుంది. విద్యార్థి పేరు, సబ్జెక్టులు తొమ్మిదిలోనే బోర్డు దగ్గర నమోదవుతాయి. తొమ్మిది వేరే బోర్డులో చదివి పదికి సీబీఎస్‌ఈకి వస్తామంటే బదిలీ లాంటి కారణం చూపించి అనుమతి తెచ్చుకోవాలి. మా అత్తయ్య మాత్రం "పదో తరగతి అయ్యేదాకా పిల్లను నా దగ్గర ఉంచమ్మా" అన్నారు. ఆ వయసులో పిల్లను రెండేళ్లు వదిలి ఉండటానికి నాకు మనసొప్పలేదు.

ముందు కేంద్రీయ విద్యాలయానికి ప్రయత్నించాం. బదిలీల మీద తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం పుట్టిన పాఠశాలలు అవి. బయటి నుంచి తొమ్మిదిలో చేరేవాళ్లకు వంద మార్కుల ప్రవేశ పరీక్ష ఉంటుంది. హిందీ, ఇంగ్లిష్, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం, ఒక్కోదానికి ఇరవై మార్కులు. అమ్మాయి బాగానే రాసింది కానీ సీట్లు ఖాళీ లేవు. దాంతో ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ పాఠశాలలో చేర్చాం.

అందరూ భయపెట్టింది సిలబస్ గురించి. అందుకే ఒక రాత్రి మా ఎనిమిదో తరగతి గణితం పుస్తకాన్నీ, సీబీఎస్‌ఈ బడుల్లో చదివే ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని విషయసూచికలు చదివాం. అకరణీయ సంఖ్యలు, ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు, ఘాతాంకాలు, చతుర్భుజాలు, అనులోమ విలోమ అనుపాతాలు, కారణాంక విభజన. వరుస మారిందే తప్ప పాఠాలు దాదాపు అవే. సైన్సు మన దగ్గర ఎనిమిది నుంచే భౌతిక, జీవశాస్త్రాలుగా రెండు పుస్తకాలు, అక్కడ ఒకటే పుస్తకం. లోపల ఉన్నది మాత్రం పెద్దగా తేడా లేదు. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర చట్రం తయారైంది. ఇప్పుడు తెలంగాణలో చదివే గణితం, సైన్సు పుస్తకాలకు మూలం అదే. ఒక్కోచోట మన పుస్తకమే ముందుంటుంది. సమితులు, సంవర్గమానాలు తెలంగాణ పిల్లలు పదిలోనే చదువుతారు. సీబీఎస్‌ఈ పిల్లలు సమితుల పేరు వినేది పదకొండులో.

కాగితాల దగ్గర మాత్రం నిజంగా ఇబ్బంది పడ్డాం. రాష్ట్ర బోర్డు నుంచి, అదీ వేరే రాష్ట్రం నుంచి వస్తున్నారు కాబట్టి టీసీ మీద జిల్లా విద్యాశాఖ అధికారి ప్రతిసంతకం కావాలన్నారు. పాత పాఠశాల ఇచ్చిన టీసీలో పుట్టుమచ్చల గడితో సహా అన్నీ నింపారు, ఆ సంతకం ఒక్కటే లేదు. దాని కోసం మా ఆయన నాగ్‌పూర్ నుంచి మళ్లీ రైలెక్కారు. అది అయ్యేసరికి యూడైస్ గొడవ, అంటే దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదయ్యే ఆన్‌లైన్ వ్యవస్థ గొడవ మొదలైంది. పిల్లలందరికీ ఇప్పుడు అందులో పెన్ అనే శాశ్వత విద్యా నంబరు ఉంటుంది. పాత పాఠశాల ఆన్‌లైన్‌లో ఆ నంబరును వదిలిపెడితే తప్ప కొత్త పాఠశాల చేర్చుకోలేదు. మేం వెళ్లేసరికి అక్కడ వేసవి సెలవులు, ఆ పని చేయాల్సిన కంప్యూటర్ ఆపరేటర్ ఊళ్లో లేరు. ఈ రెండింటిలో ఒక్కటైనా ఒకే సిలబస్ పెడితే పోయే సమస్యా?

విద్యాసంవత్సరం సంగతీ అంతే. మన దగ్గర బడి జూన్ 12న తెరుస్తారు. సీబీఎస్‌ఈ బడుల్లో ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలవుతుంది. మేం చేరే నాటికి తొమ్మిదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యలు, బహుపదులు చెప్పేశారు. వేసవంతా వాటితోనే గడిచింది.

ఇక భాష. సీబీఎస్‌ఈ పదో తరగతిలో తెలుగు ఉంది. ఒకటి కాదు, రెండు ఉన్నాయి: ఆంధ్ర తెలుగుకు 007, తెలంగాణ తెలుగుకు 089 అని వేర్వేరు కోడ్‌లు, వేర్వేరు ప్రశ్నపత్రాలు. బోర్డు ఒకటే అయినా మన రెండు రాష్ట్రాలకు రెండు పుస్తకాలు ఉండాలని అది ఒప్పుకుంది. ఎంతో ఆశగా 089 అడిగాను. తెలుగు చెప్పేవాళ్లు లేరు, అంతర్గత మార్కులు వేసేవాళ్లు లేరు, కుదరదన్నారు. ఇంటి దగ్గర నేను చెబుతాను, పరీక్ష మాత్రం రాయనివ్వండి అని బతిమాలాను. ఒప్పుకోలేదు. ఒకటో తరగతి నుంచి ప్రథమ భాషగా చదివిన తెలుగు అక్కడితో ఆగిపోయింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే.

హిందీలో ఎ, బి అని రెండు కోర్సులు ఉంటాయి. హిందీ మాతృభాష కాని పిల్లలకు బి తేలిక. మా అదృష్టం కొద్దీ ఆ పాఠశాలలో బి ఉంది. తేలిక అన్నా, ఆరో తరగతి నుంచి మాత్రమే హిందీ చదివిన పిల్లకు అది తేలిక కాదు. గాడీ వస్తే ఆయీ అనాలి, ట్రక్కు వస్తే ఆయా అనాలి. ప్రాణం లేని వస్తువుకు స్త్రీలింగం ఎందుకని అది అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒక పాత నోటు పుస్తకం తీసుకుని ఎడమ పేజీలో పుంలింగాలు, కుడి పేజీలో స్త్రీలింగాలు రాసుకుంటూ పోయింది. తొమ్మిది పూర్తయ్యేసరికి పుస్తకం నిండిపోయింది. ఇది కాక మరాఠీ. తెలంగాణలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చినట్టే మహారాష్ట్రలో మరాఠీకి 2020లో చట్టం వచ్చింది. మా అమ్మాయి బ్యాచ్‌కు మాత్రం మార్కులు కలపకుండా గ్రేడు ఇచ్చి వదిలేశారు. మరాఠీ ఉపాధ్యాయురాలు మహా ఓపికగల మనిషి, అమ్మాయికి ఇష్టంగా నేర్పారు.

ఒకే సిలబస్ మీద నా అభిప్రాయం గట్టిపడింది పదో తరగతిలో. మా ఆడపడుచు కొడుకు హనుమకొండలో అదే ఏడాది పది చదువుతున్నాడు. ఇద్దరూ రాత్రి ఫోనులో లెక్కలు, సైన్సు చెప్పుకునేవాళ్లు. ఒకరోజు వాడు ఆవర్తన పట్టిక గురించి ఏదో అడిగాడు. మా అమ్మాయి తన పుస్తకమంతా వెతికింది. ఆ పాఠమే లేదు. బరువు తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సులోంచి ఆవర్తన పట్టికనూ, జీవపరిణామాన్నీ తీసేసి, పై తరగతుల్లో ఉన్నాయిగా అంది. పదకొండులో కామర్స్‌కో ఆర్ట్స్‌కో వెళ్లే పిల్లలు మెండలీవ్ పేరు, డార్విన్ పేరు ఏ పాఠంలో చదువుతారు? తెలంగాణ పుస్తకంలో అవి ఉన్నాయి కాబట్టి మా మేనల్లుడు చదువుకున్నాడు. దేశమంతా ఒకటే పుస్తకమైతే ఢిల్లీలో తీసేసిన పాఠం అన్ని బడుల్లోనూ ఒకేసారి పోతుంది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించడం లేదు.

సాంఘిక శాస్త్రంలో ఇంకో రకం లోటు. మన ఏడో తరగతిలో కాకతీయుల మీద ఒక పూర్తి పాఠం ఉంది. అప్పటి ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పుస్తకంలో రజియా సుల్తానా గురించి చెబుతూ పక్కన చిన్న పెట్టెలో రుద్రమదేవిని ప్రస్తావించి వదిలేశారు. పదిలో జాతీయోద్యమం పాఠంలో గూడెం కొండలు, అల్లూరి సీతారామరాజు కనిపించగానే మా అమ్మాయి లేచి నిలబడి తనకు తెలిసిందంతా చెప్పిందట, ఉపాధ్యాయుడు ఆసక్తిగా విన్నారట. మిగతా పిల్లలకు అది ఒక పేరా. మా పక్కింటి బాబు మహారాష్ట్ర బోర్డులో నాలుగో తరగతి. వాడి చరిత్ర పుస్తకం మొదటి నుంచి చివరి దాకా శివాజీ మహరాజే. ఆ వయసులో వాడికి అదే కావాలి. వేయి స్తంభాల గుడి పక్కన పెరిగిన పిల్లకు గణపతిదేవుడు కావాలి. ఇద్దరికీ ఒకే పుస్తకం రాస్తే ఇద్దరికీ తలా ఒక పేరా మిగులుతుంది.

1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. కేంద్రం, రాష్ట్రం రెండూ బాధ్యులే. గణితం, సైన్సు ఏ తరగతిలో ఎంతవరకు రావాలో దేశమంతా ఒప్పుకోవాలి, అది ఇప్పటికే చాలావరకు ఉంది. కనీసం ఇంత అని చెప్పాలి తప్ప ఇంతే అని గీత గీయకూడదు. భాష, చరిత్ర రాష్ట్రం చేతిలోనే ఉండాలి. నడిమధ్యలో బోర్డులు మార్చడం అన్నిటికంటే హాని. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి ప్రభుత్వ పాఠశాలలను సీబీఎస్‌ఈలోకి మార్చి, 2024లో పదో తరగతి సగంలో ఉండగా మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకు మళ్లించారు. ఒక్క పిల్ల బోర్డు మారితే ఇంటిల్లిపాదీ ఎంత హైరానా పడ్డామో నాకు తెలుసు. ఆ వెయ్యి బడుల తల్లిదండ్రుల గురించి ఆ రోజుల్లో చాలా ఆలోచించాను.

ఇక ప్రభుత్వాలను నేను కోరేవి ఇవి. టీసీ ఆన్‌లైన్‌లో సరిచూసుకునే వీలున్నప్పుడు ప్రతిసంతకం కోసం మనిషిని తిప్పొద్దు. ఏ రాష్ట్రంలో చదివినా పిల్లలు మాతృభాషను పరీక్ష సబ్జెక్టుగా రాసుకునేలా, సొంత రాష్ట్రం ఉపాధ్యాయుల చేత ఆన్‌లైన్‌లో పాఠం చెప్పించి మార్కులు వేయించే ఏర్పాటు చేయాలి.

ఈ వేసవిలో బయలుదేరేవాళ్లు టీసీ తీసుకున్న రోజే ప్రతిసంతకం సంగతి చూసుకోండి. సెలవులు ఇవ్వకముందే పెన్ నంబరు వదిలించుకోండి. హిందీ బి కోర్సు ఉందో లేదో ఫీజు కట్టకముందే అడగండి. తెలుగు ఉందా అని కూడా తప్పకుండా అడగండి. లేదనే చెబుతారు, అయినా అడగండి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తేనే ఎవరైనా ఏర్పాటు చేస్తారు.