హెచ్ అక్షరం ఉన్న గొట్టం

మన స్కూలు హాల్లో స్టేజీ కింద చీకటి గది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విరిగిన బెంచీలు, చిరిగిన వాలీబాల్ నెట్లు, పాత నాటకాల కిరీటాలు. వాటి వెనక గోడవారగా కొన్ని చెక్కపెట్టెలు ఉండేవి. అందులో ఉన్నది ఒక పైప్ ఆర్గన్, అంటే తిత్తి గాలితో గొట్టాల వరుసల్ని పలికించే పెద్ద వాద్యం అని ఆరో తరగతిలో మాకు తెలీదు. ఆ పెట్టెల్లో ఈలలు దొరుకుతాయని మాత్రం బాగా తెలుసు.

పెన్సిలంత గొట్టం, మధ్యలో చిన్న నోరు. కింది నుంచి ఊదితే చెవులు గింగురుమనేవి. నాకు దొరికిన దాని మీద సూదితో గీకినట్టు ఇంగ్లిషు హెచ్ అక్షరం ఉంది. నా పేరు కూడా హెచ్‌తోనే మొదలవుతుంది. ఇక అది నాది కాక ఇంకెవరిది? జేబులో వేసుకున్నాను. పైకొస కోస్తే ఇంకా సన్నగా మోగుతుందని ఎవడో అంటే, బ్లేడు పెట్టి కోశాను కూడా. సీసం, తగరం కలిపిన లోహం కాబట్టి మెత్తగా తెగింది.

ఎప్పుడో హాలు కప్పు కారుతుంటే ఆ ఆర్గన్‌ని తడవకుండా విప్పి దాచారట. మంచి పనే. కానీ ఏ ముక్క ఎక్కడిదో ఒక్క కాగితం మీదైనా రాసి పెట్టలేదు. కప్పు బాగయ్యేసరికి విప్పినవాళ్లు ఊళ్లో లేరు. దాని చోట ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. పెట్టెలు అలాగే ఉండిపోయాయి.

మేం తొమ్మిదిలో ఉండగా ఫిజిక్స్ సార్ అనునాదం పాఠానికి ఏదైనా గొట్టం దొరుకుతుందేమోనని ఆ గదిలోకి దూరారు. గంట తర్వాత నెత్తి నిండా బూజుతో బయటికొచ్చి, "ఒరేయ్, ఇది పాత సామాను కాదురా! వేసవి సెలవుల్లో ఎవరెవరు రాగలరు?" అన్నారు. పన్నెండు మందిమి చేతులెత్తాం. నేను ఎందుకెత్తానో మీకు అర్థమయ్యే ఉంటుంది. దొంగ దొంగతనం జరిగిన చోటికే వస్తాడంటారు కదా.

గొట్టాలన్నీ హాల్లో దుప్పట్ల మీద పరిచాం. నా మోకాలంత లావున్న చెక్క గొట్టాల నుంచి చిటికెన వేలంత సన్నటి వాటి దాకా. స్టాప్ అంటే ఒకే గొంతున్న గొట్టాల వరుస అని సంగీతం మేడమ్ చెప్పారు. ఒక్కో స్టాపుకి ఒక పిడి. ఆ పిడి లాగితే వరుస కింద చిల్లులున్న బద్ద జరుగుతుంది. చిల్లుకి చిల్లు ఎదురైతేనే గాలి గొట్టంలోకి వెళ్తుంది. మా ఆర్గన్‌కి 6 స్టాపులు, వేళ్లతో నొక్కే మెట్లు 56. అంటే 336 గొట్టాలుండాలి. లెక్కపెడితే 313. 23 మాయం! సార్ ముఖం పాలిపోయింది, నాకు జేబు బరువెక్కింది.

మర్నాడు ఆర్గన్లు బాగుచేసే ఒక పెద్దాయన వచ్చారు. గాలిపెట్టె మీది పలకలో గొట్టాలు నిలిపే రంధ్రాలు లెక్కపెట్టి నవ్వారు. అవి 324. రెండు స్టాపులకు అట్టడుగు 12 స్వరాల గొట్టాలూ ఉమ్మడివే. పెద్ద గొట్టాలకు చోటూ డబ్బూ ఎక్కువవుతాయని చిన్న ఆర్గన్లలో అలా సర్దేస్తారట. అంటే నిజంగా పోయినవి 11.

సార్ ఆ సాయంత్రమే హాలు గుమ్మంలో ఒక బుట్ట పెట్టించారు. "ఎవరు వేశారని అడగను" అని నోటీసు రాశారు. మూడు రోజుల్లో 9 గొట్టాలు, ఒక విరిగిన ప్లాస్టిక్ పిల్లనగ్రోవి వచ్చాయి. నాది వేయలేదు. ఎందుకంటే మొదటిరోజే సార్ చెప్పారు: "పొడుగు గొట్టాన్ని పొట్టి చేయగలం గానీ పొట్టిదాన్ని పొడుగు చేయలేం. ఎవరూ కొసలు ముట్టుకోకండి." కోసేసిన గొట్టాన్ని ఆ బుట్టలో ఎలా వేయడం?

తర్వాత వరుసలు పేర్చే పని. పొడవుని నమ్మొద్దు, శ్రుతి చేసేటప్పుడు కొసలు కోసి ఉంటారు, లావుని నమ్మండి అన్నారు సార్. ఒక అష్టకం, అంటే 12 మెట్లు, పైకెళితే పొడవు సగమవుతుంది కానీ లావు అంత త్వరగా సగం కాదు, ఇంచుమించు పదహారు మెట్లు పడుతుంది. వెర్నియర్ కాలిపర్స్ అనేది పరీక్ష కోసం కాక నిజమైన పని కోసం పట్టుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి, బహుశా చివరిసారి కూడా. గొట్టాల మీద గీకిన అక్షరాల ప్రకారం పేర్చుకుంటూ వెళ్తుంటే ప్రతి వరుసలోనూ హెచ్ దగ్గర లెక్క తప్పేది. జి తర్వాత హెచ్ కదా అని అక్కడ పెట్టాం. కాలిపర్స్ ఒప్పుకోలేదు. జి తర్వాత ఉన్నట్టుండి సన్నబడి, ఎ దగ్గర మళ్లీ లావయ్యేది. రెండు రోజులు కుస్తీ పట్టాక మేడమ్ చూసి, "జర్మన్ పద్ధతిలో రాశారమ్మా. వాళ్లకి బి అంటే మన బి ఫ్లాట్, బి కన్నా అర స్వరం కింద. అసలు బి ని హెచ్ అంటారు" అన్నారు. ఒక అక్షరాన్ని నా పేరనుకుని మూడేళ్లు జేబులో మోశాను. అది ఒక స్వరం పేరు.

తిత్తి తోలు ఎండి పగిలింది, ఎలుకలు కొట్టని చోట పురుగు కొట్టింది. పెద్దాయన మేకతోలు అంచులు పలచగా చెక్కి, సరేసు, అంటే జంతువుల నుంచి తీసే బంక, వేడిచేసి అతికించమన్నారు. దాని వాసన ఇప్పటికీ మర్చిపోలేను. పైగా చల్లారితే బిగుసుకుపోతుంది, అందుకని ఒకడు పూస్తుంటే ఇంకొకడు పరుగున తోలు పరవాలి. తెల్ల బంక వాడదాం అంటే ఆయన ఒప్పుకోలేదు. "వందేళ్లకి దీన్ని మళ్లీ ఎవరో ఒకరు విప్పాలి బాబూ. తడిగుడ్డ వేడిగా అద్దితే ఊడి రావాలి."

తిత్తి సిద్ధమైంది, చేతిపిడి కొట్టాం, గాలి నిండింది. అయినా గొట్టాలన్నీ జ్వరమొచ్చినట్టు మూలిగాయి. సార్ యు ఆకారం గాజుగొట్టంలో రంగునీళ్లు పోసి గాలిపెట్టెకి తగిలించారు. 75 మిల్లీమీటర్లు ఉండాల్సిన ఒత్తిడి 40 దగ్గర ఆగింది. 1 మిల్లీమీటరు నీటిమట్టం అంటే చదరపు మీటరుకి 1 కిలో బరువు. తిత్తి మూత వైశాల్యం 1.2 చదరపు మీటర్లు. అంటే 42 కిలోలు తక్కువ. "దీని మీద బరువులుండాలే, పెట్టెల్లో కనబడలేదా?" అన్నారు పెద్దాయన. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కాగితాలు చుట్టిన ఇటుకలు 14 ఉండేవి. చెత్త అనుకుని మొదటిరోజే బయట పారేశాం. తోటమాలి వాటితో గులాబీ మడికి అంచు కట్టేశాడు. ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాం.

ఇటుకలు ఎక్కాక మొదటి స్వరం పలికింది. పలికింది అంటే, ఆగలేదు. మెట్టు మీది నుంచి చెయ్యి తీసినా హాలంతా మోగుతూనే ఉంది. వాల్వు కింద చెక్కపొట్టు చిక్కుకుంది. దీన్ని సైఫర్ అంటారని పెద్దాయన చెబితే అందరం పగలబడి నవ్వాం. మాకు తెలిసిన సైఫర్ మార్కుల్లో వచ్చేదే.

దొరకని రెండు గొట్టాలనీ ఆయనే కొత్తగా చేశారు. రేకుని కడ్డీ చుట్టూ తిప్పి, అతుకు పక్కన సుద్దపూత పూసి, టంకం పెట్టి. ఆ రెంటిలో ఒకటి 2 అడుగుల స్టాపులో (అన్నిటికన్నా పెద్ద గొట్టం 2 అడుగులుండే వరుస) పై హెచ్. నేను పక్కనే నిలబడి రేకు పట్టుకున్నాను.

శ్రుతి చేయడం తెల్లవారుజామున. గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 440 కంపనాలున్నది 30 కి వచ్చేసరికి 447 దాటుతుంది. ఆఖరికి గొట్టాన్ని చేత్తో పట్టుకున్నా ఆ వేడి తగ్గేదాకా ఆగాల్సిందే. పెద్దాయన లోపల, నేను మెట్ల దగ్గర. "ఊఁ, తర్వాతది" అంటే తర్వాతది నొక్కాలి. ఆ హెచ్ వచ్చినప్పుడు మాత్రం నా వేలు వణికింది. సెకనుకు సుమారు 3950 కంపనాలు. కొత్తది ఏ తప్పూ లేకుండా పలికింది.

స్కూలు తెరిచిన రోజు ప్రార్థనకి మేడమ్ వాయించారు. మీరంతా ఉన్నారు, ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఆ గొట్టాన్ని ఈ వ్యాసంతో పాటే స్కూలు ఆఫీసుకి పంపిస్తున్నాను. ఆర్గన్‌లో పెట్టకండి, అక్కడ పెద్దాయన చేసినది సరిగ్గా కుదురుకుంది. ధ్వని పాఠం చెప్పేవాళ్లకి ఇవ్వండి. సార్ బతికుండగా చెప్పలేకపోయాను. నిన్న రాత్రి ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ఒకసారి ఊదాను. నేను కోసింది 3 మిల్లీమీటర్లకు మించదు, కానీ పలికే భాగమే 4 సెంటీమీటర్లు. యాప్‌లో హెచ్ రాలేదు, సి చూపించింది.