నిలువు గీత, అడ్డ గీత

ఈ వేసవిలో నరసన్నపేట దగ్గరి మా ఊరికి వెళ్తూ, మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక పాత ఆట ఎక్కించి ఇచ్చాను. పేరు రివెన్. 1997లో వచ్చింది. మిస్ట్ అనే ఆట తయారుచేసిన సయాన్ కంపెనీ వాళ్లదే. నేను అమెరికాలో అడుగుపెట్టిన మొదటి చలికాలం, 1998లో, నలుగురం కుర్రాళ్లం ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఆడిన ఆట. అప్పట్లో అది అయిదు సీడీలు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లాలంటే సీడీ మార్చాలి. బయట మంచు, లోపల అన్నం మాడిన వాసన, మధ్యలో ఒక నోటుపుస్తకం నిండా మేం గీసుకున్న గుర్తులు.

2024లో ఇదే ఆటను వాళ్లు కొత్తగా మళ్లీ చేశారు. చిక్కుముడులు కొన్ని మార్చారని తెలిసి నేను కావాలనే పాతది కొన్నాను. ఎందుకంటే దాని జవాబులు నాకు తెలుసు. అమ్మాయి చిక్కుపడినప్పుడల్లా ఆదుకునే తండ్రిగా కనిపించవచ్చని నా ఆశ.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఇందులో మన మనిషి తెర మీద కనిపించడు, అన్నీ మన కళ్లతో చూస్తున్నట్టే ఉంటుంది. ఊరుగాని ఊళ్లో దిగుతాం. మొదట్లోనే ఒక కాపలావాడు ఏదో భాషలో గడగడా మాట్లాడతాడు, కింద అనువాదం పడదు. ఎవరూ ఏమీ వివరించరు. తిరగాలి, చూడాలి, వినాలి, రాసుకోవాలి.

ఇంట్లో తలా ఒక తీర్పు ఇచ్చారు. మా పెద్దవాడికి పదిహేడేళ్లు. వాడికి ఇది దీపాలార్పేసిన మ్యూజియంలో తప్పిపోయినట్టుందట. విజయనగరం నుంచి వచ్చిన మేనల్లుడు ఒక మీట లాగాడు, ఒక తలుపు తెరిచాడు, "మామయ్యా, శత్రువులు ఎప్పుడొస్తారు?" అన్నాడు. ఇక్కడ తరిమేవాళ్లు ఉండరన్నాను. పెద్దమనిషి తరహాలో ఇంకో పది నిమిషాలు కూర్చుని, మెల్లగా తన ఫోను తీసుకున్నాడు. నా స్నేహితుల్లో కూడా ఈ ఆట గురించి రెండు వర్గాలున్నాయి. ప్రతి జవాబూ ఆ ప్రపంచంలోనే కళ్లెదుట ఉంటుంది కనుక ఇంత న్యాయమైన ఆట లేదంటుంది ఒక వర్గం. ఒక గుర్తు కోసం మూడు దీవులు కాళ్లరిగేలా తిప్పడం హింస అంటుంది రెండోది. నాది మొదటి వర్గమే, అయినా రెండోవాళ్ల మాటలో అబద్ధం లేదు.

అన్నిటికన్నా నన్ను కదిపింది నాన్న అన్న ఒక మాట. అమ్మాయి వెనక నిలబడి కాసేపు చూశారు. తెర మీద కొండ అంచున గుడిసెల పల్లె, మనిషి అలికిడి లేదు. కొత్త మనిషిని చూసి వాళ్లు దాక్కుంటారు, అది కథ. నాన్నకు కథ తెలియదు. "ఇళ్లన్నీ మూసి ఉన్నాయేమిటి? వీళ్లూ వలస పోయారా?" అన్నారు. హాస్యానికి అనలేదు. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలే. కొందరు చెన్నై, కొందరు హైదరాబాదు, ఒకడు ఒహాయో.

అమ్మ తెర వైపు చూడనే లేదు. ఆటలో కన్ను ఆకారంలో చెక్క గోళాలు ఉంటాయి. తిప్పితే ఒక జంతువు కూత వినిపిస్తుంది. అది ఏ పిట్టో అని అమ్మాయి అరగంట తల బద్దలు కొట్టుకుంటుంటే వంటింట్లోంచి వినిపించింది: "పిట్ట కాదే తల్లీ, కప్ప!" అదే నిజం. ఈ చిక్కుముడికి నేను 1998లో రెండు రాత్రులు పోశాను.

ఇక ఆటలోని బడి. పిల్లలకు అంకెలు నేర్పే బొమ్మ ఒకటి అక్కడుంది. పిడి తిప్పితే ఒక గుర్తు కనబడుతుంది, వేలాడుతున్న చిన్న మనిషి బొమ్మ ఆ అంకె ఎంతో అన్ని మెట్లు కిందికి జారుతుంది. అడుగున తిమింగలం లాంటి జంతువు నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ దీవుల్ని ఏలేవాడు శిక్ష పడ్డవాళ్లను ఆ జంతువుకే వేస్తాడు. లెక్కతోపాటు భయాన్నీ నేర్పే బడి. "వాడి చేతులు పడిపోను" అంది అమ్మ, ఆ ఒక్కసారి తెర చూసి.

ఆ బొమ్మ పది వరకే చెబుతుంది. మిగతావి మనం ఊహించుకోవాలి. ఒకటి నుంచి నాలుగు దాకా విడి గుర్తులు. ఒకటి గుర్తును పక్కకు తిప్పితే అయిదు. రెండును తిప్పితే పది. ఇలా ఇరవై అయిదు దగ్గర స్థానం మారుతుంది. అమ్మాయి ఏడు దగ్గర తికమక పడుతుంటే నేను ఆగలేక, "ఆ గీతను తిప్పి చూడు" అన్నాను.

లాప్‌టాప్ మూసేసింది. "చెప్పకు నాన్నా. నువ్వు చెబితే ఇక నేనెందుకు?" ఇంగ్లిష్‌లోనే అంది, కానీ ఆ విసురు మాత్రం అచ్చం మా అమ్మది.

దానికి పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లుగా నేను చేస్తున్న పని అదే. ఊళ్లో ఎవరైనా "ఎప్పుడొచ్చావమ్మా?" అంటే, అది నోరు తెరిచేలోపు నేను జవాబు చెప్పేస్తాను. "పాపకు తెలుగు రాదా?" అన్న ప్రశ్న వస్తుందని భయం. ఆ భయానికి దాని నోట్లో మాట నేనే మింగేస్తూ వచ్చాను. అది పలకక పోవడం చూసి రాదనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ వారమే అటక మీద చెదలు పట్టాయని నాన్న పాత మూటలు దింపించారు. అందులో మా తాత ధాన్యం కొట్టు చిట్టాలు. ఎర్ర గుడ్డ అట్టలు, గోధుమరంగు తిరిగిన సిరా. అమ్మాయి ఒకటి తెరిచింది. అంకెలన్నీ తెలుగువే. నేను నోరు తెరిచాను. అది అరచెయ్యి అడ్డం పెట్టింది, నా వైపు చూడకుండానే.

"తాతయ్యా, ఇది ఎంత?"

నాన్న గుప్పెడు చింతపిక్కలు తెచ్చారు. ౩ మీద వేలు పెట్టి మూడు పిక్కలు, ౭ మీద పెట్టి ఏడు. తిమింగలం లేకుండానే గంటలో పని అయిపోయింది. మిగిలింది అంకెల పక్కన ఉన్న గీతలు. కొన్ని నిలువు, కొన్ని అడ్డం. చిన్నప్పుడు ఆ పుస్తకాల మీద కూర్చుని ఆడుకున్న నేను అవి అలంకారమనుకున్నాను. ఇంజనీరునని చెప్పుకుని తిరిగే నాకు అంతవరకే తెలుసు.

"నిలువు గీత పావలా, అడ్డ గీత అణా" అన్నారు నాన్న, అంతకు మించి చెప్పలేదు. అణాలూ పావలాలూ దానికేం తెలుసు? రూపాయికి నూరు పైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి. ఆ లెక్కలో నేనే పుట్టాను. అది పేజీలు తిప్పుతూ పోయింది. పది, ఇరవై. చివరికి నెమ్మదిగా, తెలుగులో, "తాతయ్యా, నాలుగు గీతలు ఎక్కడా లేవు" అంది.

నాన్న ముఖం చూడాలి అప్పుడు.

మూడు దాటితే గీత తిరుగుతుంది. నాలుగు అడ్డ గీతలు ఒక నిలువు గీత. నాలుగు నిలువు గీతలు ఒక రూపాయి. అంటే రూపాయికి పదహారు అణాలని తనే తేల్చింది. ఒక పద్దులో మూడు నిలువు, రెండు అడ్డం ఉన్నాయి. "పద్నాలుగు" అంది. "రివెన్‌లో అయిదుకు తిప్పారు, ఇక్కడ నాలుగుకు తిప్పారు."

మ్యూజియంలో తప్పిపోయిన పెద్దవాడు అప్పుడు వచ్చి చేరాడు. ఈ గుర్తులకు 2008లోనే కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చోటిచ్చారని ఫోనులో వెతికి చూపించాడు: ౹ ౺ ౻ ఒక వరస, ౼ ౽ ౾ ఇంకో వరస. మొదటి వరస నాలుగు అనే అంకె బేసి ఘాతాలకు, రెండోది సరి ఘాతాలకు అని చదివాడు. అమ్మాయి వినిపించుకోలేదు, మామిడిపండు తింటోంది.

ఆట పూర్తి కాలేదు. రంగు గోళీల దగ్గర ఆగింది.

మర్నాడు పొద్దున అమ్మ బియ్యం కొలుస్తోంది. నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం అని అడగకుండానే పాఠం చెప్పింది. అమ్మాయి నోటుపుస్తకంలో రివెన్ గుర్తుల కింద కుంచం అని ఇంగ్లిష్ అక్షరాలతో రాసుకుంది. మానిక పక్కన నిలువు గీత పెట్టింది. సోల పక్కన అడ్డ గీత. గిద్దె దగ్గర పెన్సిలు ఆగింది. పైకెత్తి, మళ్లీ దించి, మళ్లీ ఎత్తింది.

జవాబు నాకు తెలుసు. చేటలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను.