విత్తన పొట్టేలును రెండేళ్లకోసారి మార్చండి

ఉదయగిరి మెట్టలో గొర్రెల మందలు చూసినప్పుడల్లా మనసుకు కష్టమనిపించేది ఒకటే. మందలో పుట్టిన మంచి పొట్టేలుపిల్లనే విత్తనానికి ఉంచేస్తున్నారు. పిల్లలు చిన్నవిగా పుడితే, చూలు నిలవకపోతే తప్పు మేత మీదకు పోతుంది. మేత, రోగం కూడా కారణాలే, కాదనను. కానీ రక్తసంబంధం సంగతి ఎవరూ అడగరు.

గొర్రెకు 54 క్రోమోజోములు. పిల్లకు తల్లి నుంచి 27, తండ్రి నుంచి 27 వస్తాయి. పొట్టేలులో ఒక చెడ్డ జన్యువు దాగి ఉందనుకుందాం. జతలోని రెండోది మంచిదైతే లోపం పైకి కనబడదు. దాని కూతుళ్లలో సగానికి ఆ జన్యువు చేరుతుంది. అదే పొట్టేలు మళ్లీ కూతుళ్లను దాటితే సగటున 8 పిల్లల్లో ఒకటి లోపంతో పుడుతుంది.

చూలు 5 నెలలు. ఆడపిల్ల ఏడాది దాటేసరికి ఎదకొస్తుంది. అందుకే రెండేళ్లలోపే పొట్టేలు మారాలి. 25, 30 గొర్రెలకు ఒకటి చాలు. తెచ్చేది నెల్లూరు గొర్రెల్లోని పల్లా రకమైనా, జోడిపి అయినా, దొర అయినా సరే, దూరపు మందదై ఉండాలి. పక్క ఊరి పొట్టేలు మీ పాత పొట్టేలుకు కొడుకే కావచ్చు! వృషణాలు రెండూ దిగి సమానంగా ఉన్నాయా, కింది పళ్లు పై చిగురుకు సరిగ్గా ఆనుతున్నాయా చూడండి. సంబంధం లేని పొట్టేలు కలిస్తే ఆ ఒక్క ఈతలోనే పిల్లల్లో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తసంబంధంలో పుట్టడం, సున్నాకు వస్తుంది. చెవికి పోగు వేసి, తండ్రి ఎవరో నోటుబుక్కులో రాసుకోండి.