ఫైల్లో ఇరుక్కున్న ఫొటో

గల్ఫ్ పాత ఫొటోలు వెతికేవాళ్లకు ఆల్బమ్‌లొక్కటే చూస్తే చాలదు. 1947 దాకా అక్కడి బ్రిటిష్ వ్యవహారాలు నడిచింది ఇండియా ప్రభుత్వం ద్వారానే. అందుకే అక్కడి బ్రిటిష్ కార్యాలయాలైన బుషైర్ రెసిడెన్సీ, బహ్రెయిన్ ఏజెన్సీ ఫైళ్లు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఖతార్ డిజిటల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఇంట్లోంచే చూడొచ్చు.

ఆ ఫైళ్లలో కొన్ని ఫొటోలు ఉత్తరాలకు జతచేసినవి. ‘కువైట్’తో దొరక్కపోతే ఆనాటి స్పెల్లింగ్ ‘కోవైట్’ (Koweit) కొట్టండి. ఫోలియో (ఫైల్లోని కాగితం) నంబరు పక్కన ‘ఆర్’ ఉంటే ముందువైపు, ‘వి’ ఉంటే వెనకవైపు. ఆ వెనకవైపు వదలొద్దు. పెన్సిల్ రాత, స్టూడియో ముద్ర ఉంటే అక్కడే. ఉత్తరం తేదీని ఫొటో తేదీ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఫొటో ఏళ్ల కిందటిదై ఉండొచ్చు.

శీర్షికలనూ పూర్తిగా నమ్మలేం. షేక్‌కి పేరుంటుంది, పక్కన తుపాకీ పట్టుకున్నవాడు ఉత్త ‘అనుచరుడు’.