సబ్బు మీద తీగ ముగ్గు, జంతికల గొట్టంలో పూలు

ధనుర్మాసం

వాకిట్లో వేసే తీగ ముగ్గు సబ్బు మీద వస్తుందా అనే పిచ్చి ఈసారి ధనుర్మాసంలో పట్టుకుంది. అప్పటిదాకా నా సబ్బులు ఒకే రంగు బిళ్ళలు. మహా అయితే రెండు రంగులు పోసి, హ్యాంగర్ తీగ వంచి అచ్చులో ఓసారి తిప్పినవి. హ్యాంగర్ స్వర్ల్ అందంగానే ఉంటుంది కానీ లోపల ఏం వచ్చిందో కోసేదాకా తెలియదు. నాకు కావలసింది చేత్తో గీసినట్టు, అనుకున్న చోట అనుకున్న గీత.

ఈ ప్రయోగాలన్నింటికీ రెసిపీ మార్చలేదు. డిజైన్ బాగా వచ్చినా రాకపోయినా కారణం నూనెలా, రంగులా, వాసనా అని తికమక పడక్కర్లేదు కదా. కిలో నూనెల లెక్క ఇది: తవుడు నూనె 450 గ్రాములు, కొబ్బరి నూనె 250, పామాయిల్ 250, ఆముదం 50. దీనికి కాస్టిక్ సోడా 138 గ్రాములు, నీళ్ళు 276 గ్రాములు. దాదాపు 5 శాతం నూనె సబ్బులో మిగిలిపోయేలా వేసిన లెక్క. ఇందులో ఏ నూనె పాళ్ళు కాస్త మార్చినా సోప్ కాలిక్యులేటర్‌లో మళ్ళీ లెక్క చూసుకోవాలి. గ్రాము కొబ్బరి నూనెకు 0.183 గ్రాముల కాస్టిక్ పడితే ఆముదానికి 0.128 చాలు. ఒకదాని బదులు ఇంకొకటి అదే బరువులో పోసేస్తే బిళ్ళ చర్మాన్ని మండిస్తుంది, లేదంటే జిడ్డుగా మిగులుతుంది.

జాగ్రత్తలు తెలిసినవే అయినా ఒక్కసారి. కాస్టిక్‌ని నీళ్ళలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె, గరిటె దగ్గరికే రానివ్వొద్దు, కాస్టిక్ తగిలితే పొంగి గ్యాస్ వదులుతుంది. చేతి మీద చిందితే వెనిగర్ కోసం వెతక్కుండా కుళాయి కింద చాలాసేపు కడగాలి.

డిజైన్ సంగతంతా నూనెలూ కాస్టిక్ నీళ్ళూ కలిపిన మిశ్రమం చిక్కదనంలోనే ఉంది. రంగులు కొనడానికి పెట్టే డబ్బులో, యూట్యూబ్ చూడటానికి పెట్టే టైములో సగం దీన్ని గమనించడానికి పెడితే చాలు అనిపిస్తోంది. నూనె తేట పైన కనిపించడం ఆగి, అంతా ఒకే రంగులోకి వచ్చి, మజ్జిగలా జారుతున్నప్పుడు గీతలు గీయొచ్చు. దోసెల పిండిలా అయ్యాక హ్యాంగర్ తిప్పడానికి, పొరలుగా పోయడానికి బాగుంటుంది. గారెల పిండిలా అయిందంటే ఇక పైన చెంచాతో అలలు లేపుకోవడమే. హ్యాండ్ బ్లెండర్ ఆన్ చేస్తే ఈ మూడు దశలూ చూస్తుండగానే దాటిపోతాయి. అందుకే నేను దాన్ని నాలుగైదు సెకన్లు తిప్పి ఆపుతాను, ఆపి దాంతోనే గరిటెలా కలుపుతాను. మజ్జిగ దశ రాగానే పక్కన పెట్టేసి విస్క్ పట్టుకుంటాను.

చలికాలంలో ఒక చిక్కుంది. కొబ్బరి నూనె, పామాయిల్ గడ్డకట్టి ఉంటాయి. సరిగా కరక్కపోతే, లేదా మిశ్రమం మరీ చల్లగా ఉంటే, కొవ్వు గట్టిపడి చిక్కబడినట్టు కనిపిస్తుంది. అసలు సబ్బు ఇంకా మొదలే కాలేదు. రెండింటినీ పూర్తిగా కరిగించి, నూనెలూ కాస్టిక్ నీళ్ళూ 35 నుంచి 38 డిగ్రీల మధ్యకు వచ్చాక కలిపితే ఈ మోసం ఉండదు.

సంక్రాంతి

ముగ్గుకి పొడవాటి అచ్చు పనికిరాదు, వెడల్పు ట్రే కావాలి. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న స్టీలు ట్రేలో బటర్ పేపర్ పరిచాను. కిలో నూనెల మిశ్రమం అందులో రెండున్నర సెంటీమీటర్ల మందాన సర్దుకుంటుంది. నాలుగు నిలువు, నాలుగు అడ్డం చొప్పున కోస్తే 16 బిళ్ళలు, పచ్చి మీద ఒక్కోటి 90 గ్రాముల దాకా.

ముప్పావు వంతు మిశ్రమంలో టైటానియం డయాక్సైడ్ కలిపి తెల్లటి నేల పోశాను. టీ స్పూను పొడిని టేబుల్ స్పూను నూనెలో ఉండలు లేకుండా ముందే కలిపి ఉంచుకోవాలి. పొడిగా వేస్తే కోసినప్పుడు తెల్ల చుక్కలు తేలతాయి. మిగతా పావు వంతుని మూడు సాస్ బాటిళ్ళలోకి పంచి రంగులు కలిపాను. నేల ఎంత జారుగా ఉందో రంగులూ అంతే జారుగా ఉండాలి. రంగు చిక్కగా ఉంటే మునిగిపోతుంది, మరీ పల్చనైతే పాకిపోతుంది.

వాకిట్లో ముగ్గుకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. అక్కడ గీత నేల మీద పడి ఉంటుంది, ఇంకో గీత దాన్ని దాటినా ఏమీ కాదు. ఇక్కడ పుల్ల వెళ్ళిన దారిలో ఉన్న రంగంతా దానితో పాటు సాగుతుంది. కాబట్టి చుక్కల చుట్టూ తిరిగి తమని తామే దాటుకునే మెలికల ముగ్గులు రావు. వచ్చేవి తీగలు, ఆకులు, ఈకలు. తీగకి పద్ధతి ఇది: ఒక రంగు చుక్క, దాని నడిమధ్య ఇంకో రంగు చుక్క, అందులో మూడోది. ఇలా వరసగా పెట్టుకుంటూ పోయి, అన్నింటి మధ్యనుంచి పుల్లని ఆపకుండా ఒకే ఊపులో లాగాలి. ప్రతి చుక్కా హృదయం ఆకారంలో ఆకవుతుంది, వరసంతా తీగవుతుంది. పుల్లని కొంచెం వంకరగా లాగితే తీగ నిజంగానే పాకినట్టు ఉంటుంది.

ఈకలకైతే ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడంలో అడ్డగీతలు పోసి, నిలువుగా ఒకసారి పైకి, పక్కనే ఒకసారి కిందికి లాగాలి. కాగితం మీద మార్బ్లింగ్ చేసేవాళ్ళ పద్ధతే ఇది. కొబ్బరి ఈనెతో చేద్దామనుకున్నాను కానీ అది మిశ్రమంలో వంగిపోతోంది. స్వెటర్లు అల్లే సూది బాగా పనిచేసింది. లాగిన ప్రతిసారీ గుడ్డతో తుడవాలి, ట్రే అడుగుదాకా ముంచకూడదు. ఇంకొక్క గీత లాగితే ఇంకా బాగుంటుంది అనిపిస్తుంది చూడండి, సరిగ్గా అక్కడ ఆపెయ్యాలి. ఆ ఒక్క గీతతోనే రంగులు కలిసి బురదవుతాయి.

వాసన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పూల వాసనల్లో చాలావాటికి మిశ్రమాన్ని ఉన్నపళంగా బిగించే గుణం ఉంటుంది. మల్లె వాసన వేసి ముగ్గు గీయాలనుకోవడం కష్టపడి టెన్షన్ కొని తెచ్చుకోవడమే. లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె కూడా అంతే. డిజైన్ ఉన్న రోజు లావెండర్ నూనె, లేదంటే అసలు వాసనే లేకుండా. వెనీలా ఉన్న వాసనలు సబ్బుని గోధుమ రంగుకి తిప్పుతాయి, తెల్ల నేలకి అవి పనికిరావు. చెట్టు బెరడు, కాఫీ రంగు గీతలు కావాలంటే మాత్రం అదే లాభం.

రంగులు

పసుపుతో నాకు బాగా కాలక్షేపమైంది. పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎర్రగా అవుతుంది కదా, కాస్టిక్ తగిలినా అదే రసాయనం. అర టీ స్పూను పసుపు వేసిన మిశ్రమం మొదట కుంకుమ ఎరుపులోకి తిరిగింది. బిళ్ళలు ఆరుతున్నకొద్దీ ఆ ఎరుపు తగ్గి కాషాయం, ఆ తర్వాత ముదురు పసుపు. కిటికీ దగ్గర పెట్టిన బిళ్ళ అక్కడితో ఆగకుండా వెలిసిపోతూనే ఉంది, అల్మారాలోది నయంగా ఉంది. పసుపు రంగు నిలవాలంటే జాఫ్రా గింజలు మేలు. వాటిని గోరువెచ్చని తవుడు నూనెలో నానబెట్టి, వడకట్టి, ఆ నూనెని రెసిపీలోని తవుడు నూనెలో భాగంగానే లెక్కేస్తాను. కొంచెం పోస్తే వెన్న రంగు, ఎక్కువైతే నారింజ.

నలుపుకి యాక్టివేటెడ్ చార్‌కోల్. చిటికెలతో మొదలుపెట్టాలి, ఎక్కువైతే నురగ బూడిద రంగులో వస్తుంది. గులాబీ ఛాయకి మంజిష్ఠ పొడి. నీలానికి బట్టల అద్దకంలో వాడే నీలిమందు తీసుకోవాలి, జుట్టుకి పెట్టుకునే నీలి ఆకు పొడి ఆ రంగు ఇవ్వదు. మందార రేకులు, బీట్‌రూట్ పొడి చూడటానికి ఎంత ఊరించినా కాస్టిక్‌లో గోధుమ రంగైపోతాయి. పైన అలంకారానికి చల్లే గులాబీ రేకులూ నల్లబడతాయి. కాలెండులా పూల రేకులు మాత్రం పసుపు రంగులోనే ఉంటాయి.

ముగ్గుల్లో వేసే రంగు పొడులు, హోలీ రంగులు, బజారు కుంకుమ సబ్బులో వేయకూడదు. వాటిలో ఏముందో ఎవరూ చెప్పరు, ఇది ఒంటికి రాసుకునే వస్తువు.

మార్చి

సబ్బు పిండి. ఈ ఏడాది నేర్చుకున్నవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కొత్త రెసిపీ ఏమీ లేదు. అదే సబ్బుని గట్టిపడ్డాక గాలికి వదలకుండా క్లింగ్ ఫిల్మ్‌లో గట్టిగా చుట్టి, మూత బిగించిన డబ్బాలో పెడితే ఆరిపోకుండా మెత్తగా ఉంటుంది. కొన్ని రోజులాగి, కాస్టిక్ పని పూర్తయ్యాక, చేత్తో పిసికితే చపాతీ పిండిలా సాగుతుంది. అప్పటికీ గ్లవ్స్ వేసుకోవడం మంచిది. పొడిబారితే రెండు చుక్కల నీళ్ళు, చేతికి అంటుకుంటే కాస్త కార్న్‌ఫ్లోర్.

ఈ పిండి కోసం స్టీలు జంతికల గొట్టం ఒకటి విడిగా కొన్నాను. ఇత్తడిది, అల్యూమినియంది వద్దు, తాజా సబ్బు వాటిని తినేస్తుంది. మా అత్తయ్య దాన్ని చూసి, "ఇది మళ్ళీ వంటింట్లోకి వస్తే ఊరుకోను" అంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది, దాని మీద మార్కర్‌తో సబ్బు అని రాసి వేరే అరలో పెట్టాను. నక్షత్రం బిళ్ళతో నొక్కితే గాడులున్న తాడు వస్తుంది, దాన్ని చుట్టగా చుడితే చిన్న పువ్వు. రిబ్బన్ బిళ్ళతో వచ్చే పట్టీని ఒక అంచు చిటికెలతో నొక్కుతూ చుట్టుకుంటూ పోతే గులాబీ. సన్న కారప్పూస బిళ్ళతో పువ్వు నడిమి కేసరాలు. గొట్టంలో రెండు రంగుల పిండి పక్కపక్కన పెట్టి నొక్కితే తాడు సగం ఒక రంగు, సగం ఇంకో రంగు.

పువ్వుని బిళ్ళకి అతికించడం కోసం రెండువైపులా కొంచెం గీరి, పిండినే నీళ్ళతో పేస్టులా చేసి రాస్తాను. బిళ్ళ బాగా ఆరిపోయాక అతికిస్తే పిండి తర్వాత కుంచించుకుపోయి ఊడుతోంది. బిళ్ళ కోసిన వారం లోపల అతికిస్తే రెండూ కలిసి ఆరతాయి, గట్టిగా పట్టుకుంటున్నాయి.

ఇదే నెలలో పెడన కలంకారీ అచ్చు ఒకటి, చిన్న బుటీది, సబ్బు మీద నొక్కి చూశాను. బట్టకి సరిపోయే సన్న గీతలు సబ్బు మీద సరిగా పడవు. లోతుగా చెక్కిన మామిడి పిందె బాగా దిగింది. బిళ్ళ మీద క్లింగ్ ఫిల్మ్ పరిచి నొక్కితే అచ్చుకి అంటుకోదు, చెక్కలో ఇంకిన పాత రంగూ సబ్బుకి రాదు. గీత అంచులు మాత్రం కొంచెం గుండ్రబడతాయి.

మే

కోస్తా ఎండల్లో గది ఉష్ణోగ్రతే 38 దాటుతోంది. మిశ్రమం మజ్జిగ దశలో నిలవడం లేదు, ట్రేలో పోశాక లోపల వేడెక్కి మధ్యలో పగులు వస్తోంది. కాస్టిక్ కలిపే నీళ్ళలో సగం బరువు ఐసుగా తీసుకోవడం, తెల్లవారుజామునే మొదలుపెట్టడం, పోసిన ట్రేని దుప్పటి కప్పకుండా స్టాండు మీద ఫ్యాను కింద పెట్టడం, ఈ మూడూ కలిస్తే హ్యాంగర్ స్వర్ల్ దాకా సాధ్యమవుతోంది. ఫ్యాను గాలికి పైన సోడా యాష్ అనే తెల్లటి బూడిదలాంటి పొర పట్టొచ్చు. పోసిన వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేస్తే చాలావరకు ఆగుతుంది. స్ప్రే చేసేటప్పుడు దగ్గర్లో స్టవ్ వెలిగి ఉండకూడదు.

తీగ ముగ్గులు మళ్ళీ వానలు పడ్డాకే. అప్పటిదాకా చుట్టి పెట్టిన పిండితో పూలు చేస్తున్నాను, దానికి ఎండతో పేచీ లేదు. సంక్రాంతి బిళ్ళలు ఆరు వారాలు ఆరాక వాడటం మొదలుపెట్టాం. పైపైన గీసిన తీగ సగం అరిగేసరికి పోతోంది. వచ్చేసారి రంగు చుక్కలు లోపలిదాకా దిగేలా సీసా కొంచెం ఎత్తునుంచి వదలాలి, సూదిని అడుగుకి అర సెంటీమీటరు పైన ఆపాలి.